రెండో గున్నమ్మ

కాశీనగర్ బ్లాకాఫీసు వెనక గదిలో
రెండు పట్టికల మధ్య నేనొక గీత గీస్తాను.
ఎడమ పక్క పింఛను తీసుకునేవాళ్లు,
కుడి పక్క పోయినవాళ్లు.
ఒక్కో పేరూ ఇటునుంచి అటెళ్లి
తలుపు కొట్టి వస్తుంది.
లోపల ఎవరూ పలక్కపోతే ఖాళీ గడి.
ఖాళీ అంటే బతికున్నట్టు.
పలికారో, ఆ నెల డబ్బు ఆగిపోతుంది.

ఇంట్లో తెలుగు, దస్త్రంలో ఒడియా.
వాకిట్లో గున్నమ్మ
నా వేళ్ల కిందికొచ్చేసరికి గున్నొమ్మా.
పేరు చివర కంటికానని జాగా ఒక్కటి నక్కినా
సొంత మనిషినే ఎరగనంటుంది యంత్రం.
మూడు రోజులు ఆ జాగాలే ఏరాను,
చోళ్లలో మట్టిబెడ్డలు ఏరినట్టు.
ఏరినకొద్దీ జతలు కుదిరాయి.
గర్వపడ్డాను కూడా,
ఎందుకు అబద్ధం.

మంగళవారం
సంత నుంచి సరాసరి వచ్చింది,
గంపలో అమ్ముడుపోని ఎండుచేపలతో.
"బేంకోడు నాను సచ్చిపోనానంతన్నాడు బావూ,
నిజవేనేటి?"

వెతికాను.
పేరు కోరాడ గున్నమ్మ, సరి.
ఊరు రేవుపాడు, సరి.
భర్త దాలయ్య, సరి.
మూడూ కలిశాయి కనక ఒకే మనిషి, అంది తెర.
కిటికీ ఊచ పట్టుకుని
ఆ పోయిన మనిషి ఆవలించింది.

"సచ్చినాది మా పెద్దది.
ఇద్దరికీ ఒకటే పేరు, ఒకడే మొగుడు.
గున్నా అని ఆడు కేకేస్తే
ఎవులు దగ్గిరుంటే ఆలే పలికీవోలు."

నవ్వొచ్చని తోచలేదు.
పెద్దావిడ పేరు తీసేస్తే చిక్కే ఉండదు కదా,
అన్నాను, ఊరికే.

"తియ్యకు.
ముప్పయ్యేళ్లు ఒక కుండలో తిన్నాం.
దాని మానాన దాన్నుండనీ."

గదంతా చేపల వాసన.
పట్టికలో కొత్త నిలువు వరస ఒకటి చేర్చాను.
దానికేం పేరు పెట్టాలో
ఒడియాలో తట్టలేదు, తెలుగులోనూ తట్టలేదు.
వట్టి అంకెలు వేశాను.
గీత చెరిపి మళ్లీ గీశాను.
ఆమె పేరు అటెళ్లింది,
తలుపు కొట్టింది,
జవాబు లేకుండా తిరిగొచ్చింది.

"వచ్చే నెల నుంచి పడతాయి, ఎల్లు."

"నాకేటి రాసినావు?"
"రెండు."

గంప నెత్తికెత్తుకుంటూ
గుమ్మం దగ్గర ఆగింది.
"సచ్చినా ఒకటోది అదే."