ధర్మాదా పద్దు

ధర్మాబాద్ మిర్చి యార్డుల
ముప్పై ఒక్కేండ్లుగా ఖాతా రాస్తున్న.
తూకం, హమాలీ, గోనెసంచి, కమిషను,
అన్నిటి కింద, ఆఖరి గీతకు పైన
బస్తాకు రెండ్రూపాలు: ధర్మాదా.
ఎవరికి ధర్మమని ఏ రైతూ అడగడు.
నేను రాస్తానంతే.

తొడిమలు తీసే షెడ్డుల భూదవ్వ దగ్గుతుంటది.
ఆ దగ్గు వినే, గడియారం చూడకుండ
టైమెంతయిందో చెప్తా.
రేషన్ కార్డు బాసర దిక్కుది,
బతుకు ఈ దిక్కుది.
రెండు కౌంటర్ల కాడ రెండు భాషల్ల
ఒకటే మాటన్నరట: మీది ఇక్కడ కాదు.

సాయం లేదని కాదు. అదే తమాషా.
ఒకే ఆదివారం మూడు టెంట్లు:
నాందేడ్ ట్రస్టుది, అడ్తి సంఘానిది, జిన్నింగ్ మిల్లోళ్లది.
మూడింట్ల బీపీ చూసిండ్రు,
మూడింట్ల అవే కాల్షియం గోలీలు.
భూదవ్వ మూడు డబ్బాలు నా బల్ల మీద పెట్టి
"అన్నా, ఇవి కలిపి మింగితే దగ్గు మందైతదా?" అన్నది.
నవ్వొచ్చింది. ఇంటికి పోయినంక రాలేదు.

ఆ రాత్రి ఖాతాల నడిమి పేజీ చింపిన,
కొలువుల మొదటిసారి.
వారాలు గీసి, ఎవరి తాన ఏమున్నదో రాసిన.
ట్రస్టుకు డాక్టరున్నది, బండి లేదు.
మిల్లుకు బండున్నది, సోమవారం ఖాళీ.
ఎలగందులవార్ మందుల షాపుల
కొన్న ధరకే ఇచ్చే మనసున్నది,
ముందుగాల పైసలు కట్టేటోడు లేడు.
మిర్చి కోల్డ్ స్టోరేజీల ఇన్సులిన్‌కు సరిపడ చలి ఉన్నది,
అడిగినోడే లేడు.
ధర్మాదా కాడ పైసలున్నయి,
ఎటు పోవాల్నో వాటికి తెల్వదు.

కలపనీకి నాలుగు నెలలు పట్టింది.
అండ్ల మూడు నెలలు
బ్యానరు మీద ఎవరి పేరు పైనుండాలనే.
ఆఖరికి ముసలి సేటు విసుక్కొని
"ఆ బట్ట పైసలతోని ఇన్‌హేలర్లు రావా?" అన్నడు.

ఇప్పుడు సోమవారం సోమవారం బండొస్తది.
చల్లటి గోదాముల బస్తాల పక్కన చిన్న పెట్టె,
దాని మీద నా చేతిరాత: ఇది మిర్చి కాదు.

అందరికీ అందుతలేదు.
హమాలీ దిగంబర్‌కు
గుండెల నొప్పి గురువారం వచ్చింది.
ఆ పద్దు ఏ వరుసల రాయాల్నో
ఇంకా తెల్వలేదు నాకు.

నిన్న ఒక పిల్ల రైతు
పట్టీ మీద వేలు పెట్టి అడిగిండు:
"ఈ రెండ్రూపాలేంది?"
కలం పెట్టి లేచిన.
షెడ్డు దిక్కు చూపెట్టి
జర ఆగు, విను అన్న.

విన్నడు చాలసేపు.
"ఏం వినొస్తలేదు."

"గదే," అన్న.