పైన పచ్చిక

నా పచ్చిక నాది కాదని
మార్చిలో కాకులు చెప్పాయి.
పొద్దున్నే ఫ్రేజర్ నది మీంచి గుంపుగా వచ్చి
ముక్కుతో గడ్డి పట్టి లాగితే
చాప చుట్టినట్టు వచ్చేసింది.
కింద వేరన్నదే లేదు.
వేరుండాల్సిన చోట
తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి,
గోధుమరంగు తలకాయతో,
దుప్పటి లాగేసిన పసివాడిలా
చిరాగ్గా కదిలిందొకటి.

అడుగు పొడవు, అడుగు వెడల్పు
కత్తితో కోసి, ఎత్తి చూడమన్నాడు
విత్తనాల కొట్లో కుర్రాడు టోబియాస్.
ఇరవై మూడు.
పెరుగు డబ్బాలో వేసి పట్టుకెళ్లి చూపిస్తే
"ఐదు దాటితే కష్టమండీ" అన్నాడు,
పళ్ల డాక్టరు గొంతుతో.

ముప్పై ఒక్క ఏళ్లు ఫెర్రీ డెక్కు కడిగినవాణ్ణి.
మరకంటే పడదు నాకు.
కొలువు దిగాక, ఇంటి ముందు ఇరవై అడుగుల పచ్చదనాన్ని
డెక్కంత నున్నగా, సిపాయి తలంత పొట్టిగా
శనివారం శనివారం గొరిగాను.
అదేనట వాటికి కావాల్సింది.
జూన్ సందెవేళ చెర్రీ చెట్టు చుట్టూ
వడగళ్ల చప్పుడు చేస్తూ ఎగిరే పెంకుపురుగులు
పొట్టి గడ్డి వెతుక్కుని మరీ గుడ్లు పెడతాయట.
పెళ్లివారికి విడిది ఇచ్చిందీ,
పరుపులు పరిచిందీ నేనే!

పక్కింటి ఇడాలీనా ఫుర్తాదో గడ్డి
చీలమండలు దాటి ఉంటుంది.
అందులో క్లోవరు, పేరు తెలియని పసుపు పూలు,
ఒక పాత చెప్పు.
ఆ చెప్పు గురించి నగరపాలక సంస్థకి
రెండుసార్లు ఉత్తరం రాశాను.
కాకులు అటు వెళ్లలేదు.
హద్దు దగ్గర, ఎవరో గీత గీసినట్టు, ఆగిపోయాయి.

రాత్రుళ్లు రకూన్లు. తల్లీ, ముగ్గురు పిల్లలూ.
టార్చి వేస్తే
తల్లి ఒకసారి తలెత్తి,
వడ్డన ఆలస్యం చేస్తున్నవాణ్ణి చూసినట్టు చూసి
మళ్లీ తవ్వకంలో పడింది.

జులై నాలుగో వారం.
ఫ్రిజ్‌లో వెన్న పక్కన, తడి స్పాంజిలో
ఐదు కోట్ల నులిపురుగులు.
కంటికి కనబడవు. బిల్లు కనబడింది.
ఎండ తగిలితే చస్తాయి, నేల ఆరితే చస్తాయి,
బతికితే ఆ తెల్లవాటి కడుపులో దూరతాయి.
ఊళ్లో నీళ్లకు కట్టడి కదా,
అనుమతి చీటీ గుమ్మం ముందు పాతాను.
పొద్దు వాలాక బక్కెట్లో కలిపి
గళ్లు గళ్లుగా పోశాను,
నీళ్లు పోస్తున్నానో
సైన్యాన్ని దింపుతున్నానో తెలియకుండా.

మూడో రోజు నడుం పట్టేసింది.
మంచం మీద పడుంటే బయట నీళ్ల చప్పుడు.
కిటికీ దాకా పాక్కుంటూ వెళ్లి చూస్తే
నైటీ మీద వానకోటు వేసుకున్న ఇడాలీనా
తన పైపు హద్దు దాటించి
నా నేల తడుపుతోంది.
"చీటీ నీది, నీళ్లు నావి.
ఉత్తరం రాసుకో" అంది
తలెత్తకుండానే.

రాయలేదు.

అక్టోబరులో మళ్లీ అడుగు ముక్క కోశాను.
ఏడు.
సున్నా కాదు, ఐదు కూడా కాదు.
కానీ కోయని చోట పిడికెడు గడ్డి పట్టి లాగితే
మట్టి వదల్లేదు.
ఇంకోసారి లాగాను, కాకిలాగే, అనుమానంగా.
కోత మిషను చక్రాలు రెండు మెట్లు పైకి జరిపాను.
ఇప్పుడు గాలి వీస్తే గడ్డి కదులుతుంది.
హద్దెక్కడో వంగి చూస్తే తప్ప తెలియడం లేదు.

చెప్పు సంగతి అడిగాను మొన్న.
దాని కింద ఒక కప్ప కాపురముందట,
ఎనిమిదేళ్లుగా.
"నాకో మాట చెప్పొచ్చుగా?" అంటే
"నువ్వు నన్నడిగావా?
నగరపాలక సంస్థనడిగావు గానీ" అంది.