రెండో ముల్లు

పుదుపేటలో, కార్లని విప్పి అమ్మే వీధిలో,
డైనమోల గుట్ట పక్కన
గ్రీజు గుడ్డలో పొట్లం కట్టి ఇచ్చాడు జబ్బార్.
"నడవదు సార్" అని ముందే చెప్పాడు,
ఆ నిజాయితీకి రెండొందలు అదనంగా వేసి.

ఇలాంటివి నా దగ్గర ఇప్పటికే ఇరవై రెండు.
చూళైలో మా ఇంటి బీరువాలో
పళ్ళసెట్ల అట్టపెట్టెల్లో పడుకుని ఉంటాయి.
నేను కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి లెండి,
చిన్న వస్తువులతో నా వేళ్ళకి చుట్టరికం.
"టైము చెప్పని గడియారాలు" అంటుంది మా ఆవిడ.
నిజమే.
ఇప్పుడెంతయిందో ఒక్కటీ చెప్పదు.
ఎంతసేపయిందో చెబుతుంది,
అదీ ఎవరైనా బొటనవేలు ఆనిస్తే.

ఇది మాత్రం వేరే జాతి.
ఒకదాని మీద ఒకటి పడి పరుగెత్తే రెండు ముళ్ళు.
ముందు కారు గీత దాటగానే పక్క మీట నొక్కితే
ఒకటి ఉన్నచోటే నిలబడిపోతుంది.
రెండోది వెనకొచ్చే బండి కోసం
పోతూనే ఉంటుంది.
మళ్ళీ నొక్కారా,
నిలబడ్డది ఒక్క గెంతులో పోయేదాన్ని అందుకుంటుంది,
కదిలిన బస్సు ఎక్కే కాలేజీ కుర్రాడిలా.

కిరసనాయిలుతో తుడిచి చూశాను.
ఒక ముల్లు యాభై రెండు సెకన్ల దగ్గర,
ఆ పైన మూడు అయిదో వంతులు.
దాన్నెవరో ఆపారు.
రెండోది పదకొండు దగ్గర.
దాన్నెవరూ ఆపలేదు.
స్ప్రింగులో ఊపిరి ఉన్నంతసేపూ పరుగెత్తి
తనకు తానే ఆగింది.
తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు.
తిప్పితే ఆ పందెం మళ్ళీ మొదలవుతుందని.

వెనక మూత మీద సూదితో గీసిన అక్షరాలు: కె.వి., షోళవరం.

రెండు నెలలు ఆరా తీస్తే
కొసపేటలో, మేడ మీద ఒంటిగదిలో దొరికారు
కనకవల్లి గారు. ఎనభై మూడేళ్ళు.
వారమంతా హార్బరు ఆఫీసులో టైపు కొట్టి
ఆదివారం షోళవరం రన్‌వే పక్కన
రేకుల నీడలో కూర్చునేవారట,
చేతికొక వాచీ, ఒళ్ళో ల్యాపుల కాగితం,
చెవుల్లో దూది, పెదాల మీద ఇసక.

వాచీని కంటికి దగ్గరగా పెట్టుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.
నేనే తెగించి అడిగాను:
"రెండో కారు... రాలేదా అమ్మా?
ఏదైనా ప్రమాదమా?"

ఆవిడ నవ్వింది.
నేను చేయని పళ్ళసెట్టు; పై వరస కాస్త వదులు.
"ఎవురూ చావలేదప్పా!
పెట్రోలు అయిపోయింది వాడికి.
పెరియసామి అని, అవినాశి నుంచి వచ్చేవాడు.
బండి దిగి తోసుకుంటా వచ్చినాడు చూడు,
ఆ ఎండలో, ఒక్కడే,
జనమంతా ఈలలేసి నవ్వతా ఉంటే తానూ నవ్వతా.
గీత దాటేటప్పటికి ఎవురుండారు?
అందరం పొట్లాలు విప్పి పులిహోర తింటా ఉండాము.
వాచీ బల్ల మీద మరిచిపోయినా."

నేను తాళం తిప్పి చేతికిచ్చాను.
పదకొండు దగ్గరి ముల్లు ఉలిక్కిపడి కదిలింది.
"మీరే నొక్కండి" అన్నాను.
కణుపులు వాచిన బొటనవేలు
మీట మీదికి తనంతట తానే వెళ్ళింది,
దారి అడగకుండా.
అక్కడే ఆగింది.

ఒక చుట్టు. రెండు చుట్లు.
కింద వీధిలో ఎవరో బిందెలు దించుతున్నారు.

"వద్దులే" అంది.
"వాడింకా తోసుకుంటానే ఉండాడు."

సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.
ఆవిడకి చూపిద్దామని తెచ్చిన మరో ఆరు
చూపించడమే మరిచిపోయాను.
డౌటన్ సిగ్నల్ దగ్గర ఆటోవాడు వెనక్కి తిరిగి
మణి ఎంతయిందన్నాడు.

ఏడు గడియారాలున్న సంచి ఒళ్ళో పెట్టుకుని
తెలీదన్నాను.