వంతెన సగం దాకా

ఒహాయోలో మా ఊరి వాగు మీద వంతెన.
సగం దాకా మా కౌంటీ.
పచ్చ బోర్డు దగ్గర ఆగిపోతాయి
డెల్రాయ్ మింటర్ బూట్లు.

అవతలి గట్టున చెల్లెలిల్లు.
ఉల్లిపాయలు వేగే వాసన వస్తుంది.
వాసనకి పర్మిషన్ అక్కర్లేదు.

ప్రతి మంగళవారం ప్రొబేషన్ ఆఫీసులో
కప్పులో ఉచ్చ పోసివ్వాలి,
కోర్టు బాకీలో నలభై డాలర్లు కట్టాలి.
"శుక్రవారం మేనకోడలి పెళ్లండీ" అన్నాడట.
"రెండు వారాల ముందే అడగాలి" అందట ఆవిడ,
తలెత్తకుండా,
మెల్లగానే.

ఉద్యోగం దరఖాస్తుల్లో ఓ చిన్న గడి.
పదకొండేళ్ల కిందటి రాత్రి
అందులో సరిగ్గా పడుతుంది.
టిక్కు పెట్టాక
కింద ఏం రాసినా ఎవరూ చదవరు.

ఓటుందా అని అడిగితే
ముగ్గురు మూడు మాటలు చెప్పారు.
తప్పు మాట నమ్మితే మళ్లీ జైలేనని
అడగడం మానేశాడు.

ఇవాళ అవతల బ్యాండు మొదలైంది.
నా కొట్లో వానపాముల డబ్బా కొని
బోర్డుకి ఆనుకుని గాలం విసిరాడు.
దారం గీత దాటి
పక్క కౌంటీ నీళ్లలో పడింది.

పెద్ద క్యాట్‌ఫిష్. తోక ఇంకా కొట్టుకుంటోంది.
నా చేతుల్లో పెట్టి అన్నాడు:
"నువ్వు దాటొచ్చుగా.
పెళ్లికూతురికి ఇచ్చిరా."