ఫ్రిజ్ ఆగిన చప్పుడు

పదకొండేళ్లు వెతికాను.
మొదట కొంపల్లిలో, ముహూర్తాలు లేని మూఢంలో
చవగ్గా దొరికిన ఫంక్షన్ హాల్లో
ఒకాయన కళ్లు మూసుకోమన్నాడు.
మూసుకున్నాను.
వెనక వరుసలో ఎవరో డబ్బా మూత తీశారు.
పులిహోర.
ఆ రోజు ధ్యానమంతా అదే.

తర్వాత నాగోలు అవతల ఒక మామిడితోటలో
పది రోజుల మౌనం.
నోరు మూసినా వాగుతూనే ఉంటానని
నాలుగో రోజుకి తెలిసింది.
ఎనిమిదో రోజు, నాకు మోకాళ్లున్నాయని.
పదో రోజు గేటు బయట
ఆటోవాడితో ఇరవై రూపాయలకు తగువు పడ్డాను.
దాచుకున్న గొంతు
ఎంత బాగా పలికిందో!

ఎవరి దేవుడైతేనేం అని
మౌలాలి గుట్ట మెట్లెక్కి కూర్చున్నాను.
కింద యార్డులో వ్యాగన్లు
ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి.
ఊరు దాటకుండా అంత చాకిరీ.
చూడలేక దిగొచ్చేశాను.

మా ఆఫీసు సువర్చలకి వచ్చేసిందట.
ఏం వచ్చింది అంటే
మాటల్లో చెప్పలేనంది.
లంచ్ అయ్యేదాకా చెప్పింది.

అందరూ వెలుగనే అన్నారు.
జ్యోతి అన్నారు, కోటి సూర్యులన్నారు.
కొత్త బీరువా వస్తుందని చోటు చేసినట్టు
నేనూ లోపల ఒక మూల ఊడ్చి ఉంచాను.

వైశాఖం. మల్కాజిగిరిలో మా రెండో అంతస్తు.
చేట ముందేసుకుని
చింతపండు గింజలు తీస్తున్నాను.
కరెంటు పోయింది.

ఫ్యాను తన రెక్కలు తానే లెక్కపెట్టుకుంటూ
నిదానంగా నిలబడింది.
అది కాదు నేను చెప్పేది.
ఫ్రిజ్ ఆగింది.
ఆగాక తెలిసింది, ఇంతసేపూ అది మోగుతోందని.
ఇంతసేపూ అంటే
పొద్దుట్నుంచి కాదు, కొన్న రోజునుంచి.

దాని వెనకే ఇంకేదో కూడా ఆగింది.
వంటింట్లోది కాదు.
నేనూ, నాకూ, నేనైతేనా, నన్నంటావా అంటూ
ఊహ తెలిసినప్పట్నుంచీ గుర్రుమంటున్నది.
దాని ప్లగ్గు ఎక్కడుందో
అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

వెలుగేం రాలేదు.
క్యాలెండరు మీద నూనె మరక
నూనె మరకలాగే ఉంది.
పక్కవాటాలో కుక్కరు మూడో కూత వేసింది.
ఒక గింజ వేళ్లలోంచి జారి
దొర్లుకుంటూ వెళ్లి
చేట అంచున ఆగింది.
దాన్ని చూడటం జరిగింది.
చూసింది నేనే అని చెప్పడానికి
అక్కడెవరూ లేరు.

ఎంతసేపో అడక్కండి.
గోడ గడియారం బ్యాటరీది, నడుస్తూనే ఉంది.
దాని వైపు చూడాలనిపించలేదు.

అబ్బ, వచ్చేసింది! అనుకున్నాను.
అంతే, పోయింది.
అదే నిమిషంలో కరెంటొచ్చింది.
కింద వాటాల పిల్లలు హే అని అరిచారు.
ఫ్రిజ్ ఒళ్లు విదుల్చుకుని మొదలెట్టింది.
దాంతో పాటే నేనూ.
నా మొదటి ఆలోచన:
సువర్చలకి ఫోన్ చెయ్యాలి.

చెయ్యలేదు.
నిజానికి చేశాను, ఎత్తలేదు.
మంచిదైంది.

నేనేమీ మారలేదు.
పాలవాడి మీద నిన్న కూడా అరిచాను.
కాకపోతే అప్పుడప్పుడు
రాత్రి రెండింటికి మంచినీళ్లకి లేచి
చీకట్లో గ్లాసు పట్టుకుని వింటాను.
అది మోగుతోంది. నేనూ మోగుతున్నాను.
రెండూ వినబడుతున్నాయి.
ఇంతకు ముందు ఒక్కటీ వినబడేది కాదు.

మొన్న షర్ఫుద్దీన్ వచ్చాడు,
లాలాపేటలో బ్యాటరీల దుకాణం అతనిది.
ఎండలు ముదురుతున్నయి,
ఇన్వర్టర్ పెట్టించుకోండి అన్నాడు.
"ఒక్కసారి పెట్టినమంటే, కరెంటు పోయినట్టు
మీకు ఎరుకనే ఉండదు మేడం."

ఎరుక.
ఎన్ని మైకుల్లోంచి విన్నానో ఆ మాట.

రేటు ఎక్కువ, ఇప్పుడొద్దులే అన్నాను.
ఎక్కువే మరి.
మజ్జిగ తాగి వెళ్లాడు.
చింతపండు ఇంకా సగం మిగిలే ఉంది.