పావు పాయింటు

సుల్తాన్ బజార్ సందుల, మేడ మీద
రహీముద్దీన్ సేట్ కళ్లద్దాల దుకాణం.
పందొమ్మిదేండ్ల సంది ఆడ అద్దాలు అరగదీస్తున్న.
పావు పాయింటు తేడా వస్తే
మూడొద్దులకు మనిషి తిరిగొస్తడు, నెత్తి పట్టుకొని.
అప్పుడు మేం కన్నును తిట్టం.
అద్దం మారుస్తం.

ఇయ్యాల సెలవు. ఒక దినం జీతం కోత.
మలక్‌పేట దవాఖాన వెనుక రేకుల షెడ్డు,
టోకెన్ నూట పదహారు.
చదివింపులకు మంచిదంటరు ఈ అంకె. నవ్వొచ్చింది.

ముందు నిలబడ్డ సుగుణక్క ఎగాదిగా చూసింది నన్ను.
"ఇస్త్రీ చీర కట్టుకొస్తరా పిల్లా ఈడికి?
జడల పూలు తీసెయ్. గోడ పట్టుకొని నడువు.
పనికి పోతున్నవని మాత్రం నోరు జారకు."

మూడేండ్లప్పుడొక జరమొచ్చి
పోతపోత ఎడమకాలును వెంట తీస్కపోయింది.
అప్పటిసంది అమ్మ నేర్పిందొక్కటే:
కుంటు కనిపియ్యకుండ నడువు.
బడిల, పెండ్లిళ్లల్ల, బస్సెక్కేటప్పుడు,
సేటు ముందట మొదటి రోజు
పదిహేడు మెట్లూ ఒక్క ఊపుల ఎక్కినప్పుడు.
క్యాలిపర్ తోలుపట్టీ కింద చర్మం ఒలిచి
సాయంత్రానికి మేజోడు నెత్తురుకు అంటుకుంటే
నీళ్లల్ల నానబెట్టి తీసుకున్న గని
ఎవ్వరికీ చూపలే.
నలభై ఏండ్ల సదువు అది.
ఒక్క పొద్దుల ఎట్ల మర్చిపోవాలె?

"అండాలు ఎవరు? అండాలు!"
నడిచిన.
నాకొచ్చినట్టే నడిచిన.

డాక్టరు సాబ్ చిన్నోడే. మంచోడే.
కూసోమన్నడు. చేతులు చల్లగున్నయి.
పిల్లల జామెట్రీ డబ్బాల కోణమానిని లాంటిది
మోకాలి మీద పెట్టి వంచిండు, చాపిండు,
టేపు పెట్టి పొడుగు కొలిచిండు, పిక్క మందం కొలిచిండు.
"పని చేస్తరా?"
అక్క చెప్పింది యాదికుంది.
అబద్ధం నాలిక మీదికి తెచ్చుకున్న గూడ;
అరగదీయని అద్దం అంచు లెక్క కోసుకుంది.
"చేస్త సార్. అద్దాలు. పొద్దంత నిలబడి."
"నిలబడా!" అన్నడు మెచ్చుకుంట.
ఆ మెచ్చుకోలే రాసిండు కాయితం మీద.

పోయినసారి నలభై రెండు.
ఇప్పుడు ముప్పై ఎనిమిది.
గీత నలభై కాడ.

నాలుగు పాళ్ల కాలు కొత్తగ మొలిచిందా నాకు?
తొమ్మిదివేల ఐదొందల జీతం మొలిపించిందా?
పింఛను పోతే ఆటో పోతది,
ఆటో పోతే బస్సు, బస్సుకు మెట్లు,
మెట్లకు కాలు,
కాలు మొరాయిస్తే పని పోతది,
పని పోతే
అప్పుడు మళ్ల రమ్మంటరేమో,
అప్పటికి నలభై దాటుతది.

"అప్పీలు చేసుకోవచ్చమ్మా" అని కాయితం చాపిండు.
అందుకుంటుంటే చూసిన:
ఆయన కళ్లజోడు ఎడమదిక్కు ఒరిగుంది,
ఆవగింజంత స్క్రూ బయటికొచ్చింది.
మాటిమాటికి వేలుతోని ఎగదోసుకుంటున్నడు,
నొసలు ముడుస్తున్నడు.
పొద్దటిసంది ఎంతమందిని
ఆ వంకర అద్దంల నుంచి చూసిండో.

నా సంచిల చిన్న స్క్రూడ్రైవరెప్పుడూ ఉంటది.
"ఇటియ్యండి సార్."
అరనిమిషం పట్టలే.
కొంగుతోని తుడిచి, వెలుగుకు పట్టి, ఇచ్చిన.
"ఇప్పుడు సక్కగ కనిపిస్తుందా?"
"ఆఁ, థాంక్సమ్మా" అని
నూట పదిహేడును పిలిచిండు.

బయట సుగుణక్క
గేటు దాటినంక గూడ గోడ పట్టుకొనే నడుస్తున్నది.
ఇందాక నటన అనుకున్న.
"ఎంతొచ్చింది పిల్లా?"
చెప్పలే. భుజమిచ్చిన.
ఆమె బరువుకు నా పట్టీ కిర్రుమన్నది.
చాదర్‌ఘాట్ దిక్కు పోయే బస్సొచ్చి ఆగింది,
మెట్టు ఎప్పటి లెక్కనే ఎత్తుగ.