ముద్ర పడని వేలు

రేషన్ డిపోలో మిషను మా కూర్మమ్మ చిన్నమ్మని గుర్తుపట్టదు.
పలాసలో ఇరవై ఆరేళ్లు పిక్కలు కొట్టిన చెయ్యి.
జీడి కారి కారి
బొటనవేలి గీతలన్నీ తినేసింది.
మూడోసారి నొక్కమంటాడు డీలరు.
మూడోసారీ నువ్వు నువ్వు కాదంటుంది మిషను.

డిపో ఎదురుగా దండాసి టీ బడ్డీ.
నిన్న అక్కడ యుద్ధం గంటన్నర నడిచింది.
"ఓట్లేసి గెలిపించుకున్నారు, ఇప్పుడు మాకేం తెలీదంటే ఎలా?"
అది ఒక బల్ల.
"ఇళ్లల్లో దాచుకున్నారు, అన్నం పెట్టారు, అనుభవించరా మరి?"
అది రెండో బల్ల.
ఎవరు ఎవరి గురించి అంటున్నారో
కాసేపటికి నాకు అందలేదు.
ఒకే కొలతకి కుట్టిన చొక్కాల్లాగ
రెండు మాటలూ రెండు వైపులకీ పడుతున్నాయి.
తవిటయ్య మాస్టారు నా వైపు తిరిగి,
"నువ్వు చూసొచ్చావు కదరా. చెప్పు, తప్పెవరిది?"

నేను చూసింది గోడలు.

అష్కెలోన్‌లో పదమూడు నెలలు ప్లాస్టరింగు.
సైరన్ మోగితే దూరే గది, ఇంటికొకటి.
దాని లోపలి గోడలు నున్న చెయ్యడం నా పని.
మొదటిరోజు మేస్త్రీ ఎల్కానా ఒక బకెట్టు చూపించాడు.
అడుగున గడ్డకట్టిన సిమెంటు,
అందులో నిలబడిపోయిన తాపీ.
పిడి మీద ఎవరి బొటనవేలో ఏళ్లకేళ్లు ఆని
చిన్న గుంట పడింది.
నా వేలు పెట్టాను.
సరిపోయింది.

"నిదాల్‌ది," అన్నాడు.
హెబ్రోన్ నుంచి చీకటితోనే బయల్దేరి,
చెక్‌పోస్టు దాటి వచ్చేవాడట, పద్నాలుగేళ్లు.
ఆ శనివారం తర్వాత పర్మిట్లన్నీ రద్దు.
ఆ శనివారమే ఎల్కానా చెల్లెలి కొడుకు
పొలాల్లో దొరికాడు. ఇరవై రెండేళ్లు.

మధ్యాహ్నాలు నిదాల్ ఫోన్ చేసేవాడు.
ఎల్కానా ఎత్తేవాడు కాదు. కట్ చేసేవాడూ కాదు.
మోగినంతసేపూ పేరు వైపు చూసి
రొట్టెలో సగం తుంచి నాకిచ్చేవాడు.
తర్వాత తర్వాత మోగడం మానేసింది.
ఆ ఖాళీలో నిలబడి నేను జీతం తీసుకున్నాను.
మా ఇంటి శ్లాబు ఆ డబ్బే.

ఇదంతా బడ్డీలో చెప్పలేదు.
టీ డబ్బులిచ్చి లేచొచ్చేశాను.

రాత్రి చిన్నమ్మకి చెప్తే, సోళ్లు చెరుగుతూ అంది:
"మాకూ అడిగినారు బావూ, తప్పెవులిదని.
గొడవలప్పుడు. మందస కొండకింద. నాకు ఏడేళ్లు.
రాత్రి తుపాకీలతో వొచ్చి ఆకలన్నారు.
మాయమ్మ అంబలి పోసింది.
తెల్లారి తుపాకీలతో వొచ్చి ఎవులు పోసారన్నారు.
ఈదంతా ఎండలో కూకోబెట్టినారు.
మాయమ్మ నోరిప్పలేదు.
దెబ్బలు తిన్నది ఎదురింటి ఎండయ్య.
ఆ అంబలి తాగినోళ్లే, ముందు వారం,
షావుకారి గుమస్తాని నరికీసినారు.
ఆడి కూతురూ నానూ ఒక జట్టు. తొక్కుడుబిళ్ల.
ఆ గుంట మల్లీ నాతో ఆడలేదు."

"అయితే మీయమ్మది తప్పంటావా?"

చేట ఆగింది.
"ఎండయ్య సచ్చిపోయినదాకా
ఏటా ఓ కుంచం సోళ్లు ఆల్లింటికి పంపించీది.
ఎందుకో ఎవులికీ సెప్పలేదు."

లేచి సంచిలోంచి తాపీ తీశాను.
ఎందుకు తెచ్చుకున్నానో అప్పటిదాకా నాకూ తెలీదు.
చిన్నమ్మ పిడి పట్టుకుంది.
మిషను ఒప్పుకోని వేలు
ఆ గుంటలోకి దానంతటదే దిగింది.

"ఎవులిది?"
"పేరు తెలుసు. మొహం తెలీదు."
"నంబరుందేటి?"
"ఎల్కానా దగ్గరుంటుంది."
"మరి అడుగు."

ప్లాస్టరింగు కాని గోడకి ఆనుకుని
ఫోన్ చెవిన పెట్టుకున్నాను.
అక్కడింకా సాయంత్రమే.
మోగుతోంది.